ఒక జంట బొనోబోలను తెప్పిస్తే చాలదా? అపోహలు – వాస్తవాలు

హైదరాబాద్‌లో జూ జంతువుల వైద్యంలో, ముఖ్యంగా వానరాల సంరక్షణలో పనిచేస్తున్న నన్ను బహదూర్‌పురా జూపార్కుకు వచ్చే సందర్శకులూ, పశువైద్య విద్యార్థులూ తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది: "సార్, మన జూలో బొనోబోలు లేవు కదా, ఒక జంటను తెప్పిస్తే అవే పిల్లల్ని పెట్టుకుంటాయి కదా?" అడిగేవారి ఉత్సాహం మెచ్చుకోదగినదే. అయితే ఆ ప్రశ్న వెనుక, చింపాంజీకి దగ్గరి బంధువైన ఈ ఆఫ్రికా వానరం గురించి ప్రచారంలో ఉన్న అపోహలు దాదాపు అన్నీ ఉన్నాయి కనుక, వాటిని ఒక్కొక్కటిగా పరిశీలించడం మంచిది.

అపోహ: బొనోబో అంటే పొట్టి రకం చింపాంజీ.

వాస్తవం: 1929లో బెల్జియంలోని టెర్వూరెన్ మ్యూజియంలో ఉన్న ఒక పుర్రెను పరిశీలించి ఎర్నెస్ట్ ష్వార్ట్స్ దీనిని చింపాంజీలో ఒక ఉపజాతిగా వర్ణించాడు, 1933లో హెరాల్డ్ కూలిడ్జ్ దీనిని ప్రత్యేక జాతిగా నిలబెట్టాడు. "పిగ్మీ చింపాంజీ" అన్న పాత పేరే ఈ అపోహకు మూలం. బరువులో ఇది చిన్న చింపాంజీలకు ఇంచుమించు సమానమే. నల్లని ముఖం, గులాబీ రంగు పెదవులు, నడినెత్తిన పాపిడి తీసినట్టుండే జుట్టు చూసి దీనిని సులభంగా గుర్తుపట్టవచ్చు. కాంగో నదికి దక్షిణాన, డెమోక్రాటిక్ రిపబ్లిక్ ఆఫ్ కాంగోలో తప్ప అడవిలో మరెక్కడా ఇది లేదు. చింపాంజీతో కలిపి ఉంచితే సంకర సంతానం పుడుతుంది కనుక జూలలో ఈ రెండింటినీ ఒకే ఎన్‌క్లోజర్‌లో పెట్టకూడదు.

అపోహ: ఒక మగ, ఒక ఆడ ఉంటే చాలు.

వాస్తవం: అన్ని అపోహలలోకీ హాని ఎక్కువగా చేసేది ఇదే. అడవిలో బొనోబోలు పదుల సంఖ్యలో ఒక సమాజంగా బతుకుతూ, తిండి దొరికే తీరును బట్టి చిన్న చిన్న గుంపులుగా విడిపోతూ, మళ్ళీ కలుస్తూ ఉంటాయి. ఆడపిల్ల యుక్తవయసు వస్తుండగా పుట్టిన గుంపును విడిచి మరో గుంపులో చేరుతుంది. మగపిల్లవాడు మాత్రం జీవితాంతం తల్లి ఉన్న చోటనే ఉండిపోతాడు. గుంపులో అతని స్థానం చాలావరకు తల్లి స్థానాన్ని బట్టే నిర్ణయమవుతుంది. తల్లి తోడుగా ఉన్న మగ బొనోబోలు తండ్రులయ్యే అవకాశం, తల్లి లేనివాటితో పోలిస్తే సుమారు మూడు రెట్లు ఎక్కువని మార్టిన్ సుర్బెక్ బృందం 2019లో వెల్లడించింది.

ఈ ఒక్క విషయం అర్థమైతే జూ నిర్వహణ అంతా దానినుంచే తెలుస్తుంది. జూల మధ్య జంతువులను మార్చుకోవలసి వచ్చినప్పుడు యుక్తవయసు ఆడవాటిని పంపడం వాటి స్వభావానికి అనుకూలం. మగవాటిని తల్లి దగ్గరే ఉంచడం, తప్పనిసరైతే తల్లితో కలిపి పంపడం మేలు. జంతువులు రాత్రి ఉండే నైట్ హౌస్‌లో ఒకటి రెండు పెద్ద గదులకన్నా, ఒకదానితో ఒకటి కలిసిన అనేక గదులు కావాలి. ప్రతి గదికీ కనీసం రెండు ద్వారాలుండాలి. ఒకటే ద్వారం ఉంటే బలహీనమైన జంతువు మూలకు చిక్కి తప్పించుకోలేదు. ఎవరు ఎవరితో రాత్రి గడపాలో, ఎవరిని ఈ రోజు విడిగా ఉంచాలో కీపర్ ప్రతి సాయంత్రం నిర్ణయించుకోవలసి ఉంటుంది. జంటగా ఉంచిన బొనోబోలకు ఈ వెసులుబాటు ఏదీ ఉండదు. అవి పిల్లల్ని కన్నప్పటికీ, ఆ పిల్లలు పెద్దల నడవడిని చూసి నేర్చుకునే గుంపే ఉండదు.

అపోహ: బొనోబోలు శాంతమూర్తులు, కొట్లాడుకోవు.

వాస్తవం: ఇతర గుంపులతో కలిసిపోవడంలో చింపాంజీలకన్నా ఇవి ఎంతో సౌమ్యమైనవన్న మాట నిజమే. అంతమాత్రాన కొట్లాటలు లేవనుకోకూడదు. బిలి అనే మగ బొనోబోను 2018 నవంబరులో ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి జర్మనీలోనే ఉన్న వుప్పర్టాల్ జూకు పంపగా, అక్కడి గుంపు దానిపై పదే పదే దాడి చేసి గాయపరిచింది; దానిని అక్కడినుంచి తరలించాలని దేశదేశాల నుంచి విన్నపాలు వెల్లువెత్తాయి. క్రమంగా బిలిని ఆ గుంపు చేర్చుకుంది. తల్లి అండ లేని మగవాడు కొత్త గుంపులో ఎంత దుర్బలుడో ఆ ఉదంతం చూపింది. అడవిలో కూడా మగ బొనోబోల మధ్య దాడులు మగ చింపాంజీల మధ్యకన్నా ఎక్కువసార్లు జరుగుతున్నాయని మాడ్ ముజినో బృందం 2024లో ప్రచురించిన పరిశోధన చెబుతోంది. అయితే చింపాంజీలలోలాగా అవి ప్రాణాంతకంగా మారడం లేదు. ఉదయం కీపర్ తొలుత చూడవలసినవి వేళ్ళ చివరలు, చెవుల అంచులు. గొడవ జరిగితే కాట్లు పడేది ఎక్కువగా అక్కడే.

అపోహ: ఎప్పుడూ జతకడుతూనే ఉంటాయి కనుక సంతానానికి కొదవ ఉండదు.

వాస్తవం: వీటి లైంగిక ప్రవర్తనలో ఎక్కువ భాగం ఉద్రిక్తత తగ్గించుకోవడానికీ, స్నేహం కలుపుకోవడానికీ ఉపయోగపడేదే, ఆడవాటి మధ్య కూడా అది మామూలు విషయం. గర్భధారణ సుమారు ఎనిమిది నెలలు, కాన్పుల మధ్య నాలుగైదేళ్ళు లేదా అంతకన్నా ఎక్కువ ఎడం. జూలలో ఉన్న బొనోబోలు మొత్తం కొన్ని వందలే కావడంతో, ఏది ఏ రక్తసంబంధానికి చెందిందో చూసి జతలను నిర్ణయించే అంతర్జాతీయ వంశావళి పట్టికను బెల్జియంలోని ఆంట్వెర్ప్ జూ నిర్వహిస్తోంది. ఆ లెక్క ప్రకారం కొన్ని ఆడవాటికి గర్భనిరోధకాలు కూడా ఇస్తారు. ఈ మాట వినగానే మన సందర్శకులు నివ్వెరపోతారు గానీ, దగ్గరి బంధువుల మధ్య సంతానం కలగకుండా చూడడం, పిల్లల్ని పుట్టించడమంత ముఖ్యమైన పని. గర్భాన్ని నిర్ధారించడానికి మనుషులకు వాడే మూత్ర పరీక్ష పట్టీలే పనికొస్తాయి. ఆ తరువాత జంతువే జాలీకి పొట్ట ఆనించి స్కానింగ్ చేయించుకునేలా, ఇష్టమైన తిండి ముక్కలు ఇస్తూ ఓపికగా అలవాటు చేస్తారు.

అపోహ: పండ్లు ఎంత పెడితే అంత మంచిది.

వాస్తవం: అడవి పండ్లలో పీచు ఎక్కువ, తీపి తక్కువ. మోండా మార్కెట్‌లో దొరికే అరటి, ద్రాక్ష, సపోటా వంటివి మనిషి నాలుకకు తగినట్టు తీపి పెంచి సాగుచేసినవి. అందుకే చాలా జూలు పండ్లను బాగా తగ్గించి ఆకుకూరలు, కూరగాయలు, పీచు ఎక్కువగా ఉండే పెల్లెట్లు, ఆకులతో కూడిన కొమ్మలు పెడుతున్నాయి. మన దగ్గర వానరాలకు మర్రి, రావి, మేడి కొమ్మలు వేసినప్పుడు అవి ఆకు తిని, బెరడు ఒలిచి, పుల్ల నమిలి గంటల తరబడి తీరిక లేకుండా ఉండడం చూస్తుంటాం. అరటిపండు అర నిమిషంలో అయిపోతుంది. జూలలోని పెద్ద వానరాలలో (గొరిల్లా, చింపాంజీ, బొనోబో, ఒరాంగుటాన్), ముఖ్యంగా మగవాటిలో, గుండె జబ్బు ప్రధాన మరణ కారణాలలో ఒకటి కనుక స్థూలకాయాన్ని ముద్దుగా చూడడానికి వీల్లేదు. సందర్శకులు కంచె మీదుగా విసిరే అరటిపండ్ల గురించి వేరే చెప్పనవసరం లేదు.

అపోహ: జంతువుల నుంచి మనకే రోగాలు వస్తాయి.

వాస్తవం: పెద్ద వానరాల విషయంలో భయపడవలసింది ఎక్కువగా మననుంచే. మనకు మామూలు జలుబుగా పోయే వైరస్ వాటికి న్యుమోనియాగా మారవచ్చు. క్షయ కూడా సోకుతుంది. 2021 జనవరిలో సాన్ డియాగోలో గొరిల్లాలకు కోవిడ్ సోకిన తరువాత, అక్కడి జూ నాలుగు ఒరాంగుటాన్లకు, అయిదు బొనోబోలకు జంతువుల కోసం తయారైన ప్రయోగాత్మక టీకా వేసింది. అదే ఏడాది వేసవిలో మన నెహ్రూ జూలోనే ఎనిమిది సింహాలకు కోవిడ్ సోకినట్టు హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ నిర్ధారించింది, అవన్నీ కోలుకున్నాయి. దగ్గు ఉన్న కీపర్‌ను ఆ రోజు వానరాల వైపు పంపకుండా, జీతం కోయకుండా సెలవు ఇవ్వడం నా దృష్టిలో టీకా అంత ముఖ్యం. జీతం పోతుందనుకుంటే ఎవరూ దగ్గు సంగతి చెప్పరు.

అపోహ: వీటికి ఈత రాదు కనుక నీటి కందకం క్షేమం.

వాస్తవం: ఈత రాకపోవడమే ప్రమాదం. జూ కందకాలలో పెద్ద వానరాలు మునిగి చనిపోయిన సందర్భాలున్నాయి. కందకం ఉంటే ఒడ్డు ఏటవాలుగా, లోతు క్రమంగా పెరిగేలా ఉండాలి. పట్టుకుని పైకి రావడానికి తాళ్ళో వలలో ఉండాలి.

అపోహ: జూలో పుట్టిన పిల్లలను రేపు అడవిలో వదులుతారు.

వాస్తవం: ఈ ఆశ మనకు మూషిక జింకల వల్ల కలిగి ఉండవచ్చు, నెహ్రూ జూలో పెంచిన వాటిని 2017లో అమ్రాబాద్ అడవిలో వదిలారు. బొనోబోల సంగతి అది కాదు. ఇప్పటివరకు అడవికి చేరినవి కిన్షాసా సమీపంలో క్లోడిన్ ఆంద్రే స్థాపించిన లోలా యా బొనోబో ఆశ్రయంలో పెరిగినవి. తల్లులను మాంసం కోసం వేటాడగా అనాథలైన పిల్లలవి. 2009 నుంచి వాటిని విడతలుగా వదులుతున్నారు. వేట, అడవుల నరికివేత ఆగని చోట జూ పిల్లలను వదలడం వల్ల ప్రయోజనం ఉండదు. జూలు చేయగలిగింది జన్యువైవిధ్యాన్ని నిలపడం, వైద్య పరిజ్ఞానాన్ని ఆశ్రయాలకు అందించడం, కాంగోలో జరిగే సంరక్షణకు నిధులివ్వడం.

అపోహ: డబ్బు పెడితే కొనుక్కోవచ్చు.

వాస్తవం: అంతరించే ప్రమాదమున్న జీవుల వ్యాపారాన్ని నియంత్రించే అంతర్జాతీయ ఒప్పందం సైటీస్ మొదటి అనుబంధంలో ఉన్న జాతి బొనోబో కనుక వాణిజ్య కొనుగోలుకు తావు లేదు. వంశావళిని చూసి జతలు కలిపే సంతాన కార్యక్రమంలోని జూల మధ్య బదిలీలు, ఆ కార్యక్రమ సమన్వయకర్త సిఫారసు మీదే జరుగుతాయి. మన దేశంలో కేంద్ర జూ అథారిటీ అనుమతి కూడా కావాలి. అడిగే జూ చూపవలసింది ఒక జంటకు సరిపోయే స్థలం కాదు. పది పన్నెండు జంతువుల గుంపు రెండు మూడు తరాలు ఉండగల నైట్ హౌస్, వానరాల గుండె స్కానింగ్ చేయగల వైద్యులు, మధ్యలో బదిలీ కాకుండా ఏళ్ళ తరబడి అక్కడే పనిచేసే కీపర్లు ఉండాలి. మన ఎండల గురించి చాలామంది దిగులు పడతారు గానీ, స్ప్రింక్లర్లు, కూలర్లు, నీడ ఏర్పాట్లు మన జూలకు కొత్త కాదు. మిగిలిన అన్ని ఏర్పాట్లలోనూ కష్టమైనది కీపర్లను కదపకుండా ఉంచడమే.