మడ అడవి నత్తలు: అపోహలు - వాస్తవాలు

కాకినాడ దగ్గర కోరింగ మడ అడవిలో బోర్డ్‌వాక్ మీద నడిచేవాళ్లంతా బావురుపిల్లి కనబడుతుందా అని అడుగుతారు గానీ, కాళ్ల కింద బురదలో పాకే నత్తల వైపు చూడరు. చూసిన కొద్దిమందీ నత్తలు లెక్కపెట్టే మాలాంటివాళ్లని అడిగేవి దాదాపు ఇవే.

అపోహ: నత్తలు పెద్దవైతే అడవి బాగున్నట్టే.

వాస్తవం: సైజు ఒక్కటే చూసి ఏమీ తేల్చలేం. పెద్ద నత్త బాగా తిన్నదై ఉండొచ్చు, ఎక్కువకాలం బతికినదై ఉండొచ్చు, కొన్ని జాతుల్లో అయితే పరాన్నజీవులు పట్టినదీ కావచ్చు, ఎందుకంటే అవి చేరితే గుడ్లు పెట్టే శక్తి పోయి ఆ తిండంతా ఒంటికే పడుతుంది. చిన్నది కనబడితే పిల్లా, ఎదగని పెద్దదా అన్నది ముందు తేల్చుకోవాలి. పిరెనెల్లా సింగులాటా అని బయటి బురదలో గుంపులుగా ఉండే సన్నటి నత్తను తీసి గుల్ల నోటి అంచు చూడండి: మందంగా, బయటికి విచ్చుకుని ఉంటే పెరుగుదల అయిపోయిందని అర్థం. అలాంటివే చిన్నగా ఉన్నాయంటే అక్కడ తిండి తక్కువో, పోటీ ఎక్కువో అయి ఉండొచ్చు. ఇంకో చిక్కు, మడ బురదలోని ఆమ్లానికి పాత గుల్లల కొన అరిగిపోతుంది. పొడవే కొలిస్తే ముసలి నత్త చిన్నదాని లెక్కలో పడిపోతుంది, అందుకే నోటి వెడల్పు కూడా రాసుకోండి.

అపోహ: అడవి ఎంత దట్టమైతే అన్ని రకాల నత్తలు.

వాస్తవం: కాదు. మట్టి మీద పెరిగే సన్నటి నాచుకి ఎండ కావాలి, దాన్ని మేసే పిరెనెల్లాకి బోడి బురదే ఇష్టం. నల్లటి శంఖంలా వేలెడు పొడవుండే టెలిస్కోపియం అనే నత్త మాత్రం నీడ చూసుకుంటుంది, ఎండాకాలం వేళ్ల మొదట్లో గుంపుగా ముడుచుకుంటుంది. లిట్టొరారియా అనే నత్త నల్లమడ చెట్ల కొమ్మా ఆకూ ఎక్కేస్తుంది, కాసిడ్యులా లాంటి నత్తలు గాలి పీల్చే రకం కాబట్టి పోటు ఎప్పుడో గానీ తాకని మెరకలో బతుకుతాయి. నీడ, ఎండ, పల్లం, మెరక కలిసున్నచోటే రకాలెక్కువ.

అపోహ: ఇవి ఉప్పునీటి నత్తలు, ఉప్పెంతున్నా ఫర్వాలేదు.

వాస్తవం: జూలై, ఆగస్టుల్లో గోదావరి పాయ గౌతమికి ఎర్రటి వరదనీరు వస్తే కాలువల్లో ఉప్పు బాగా తగ్గిపోతుంది, మే నెలకి మళ్లీ పెరుగుతుంది. ఈ రెండూ తట్టుకునేవే ఇక్కడ నిలుస్తాయి, చాలావరకు గుల్ల మూత బిగించి లోపల కూర్చునే రకాలు. అమావాస్య, పౌర్ణమి పోటుకే నీరందే మెరకలో ఉప్పు తెల్లగా పేరుకుంటుంది, అక్కడ రకాలు బాగా పడిపోతాయి.

అపోహ: మొక్కలు నాటితే నత్తలు వాటంతటవే వస్తాయి.

వాస్తవం: వస్తాయి, నీళ్లు లోపలికి రానిస్తే. టెలిస్కోపియం, పిరెనెల్లా పిల్లలు మొదట నీటిలో తేలుతూ పోటుతో కొట్టుకొస్తాయి, పాత రొయ్యల చెరువు గట్టు అడ్డంగా ఉంటే లోపలికి చేరవు. కోరింగలో చేపముల్లు ఆకారంలో కాలువలు తవ్వి నీరు పారించాక నాటింది ఊరికే కాదు. కాలువ అంచూ, మెరకా పోల్చి 'ఇక్కడ నత్తలు తగ్గాయి' అనకండి, ఒకే మట్టంలో, ఒకే ఋతువులో లెక్కపెట్టి చూడండి.