శాలువా ఎవరికి కప్పాలి? పర్యావరణ పురస్కారాల మీద అపోహలు – వాస్తవాలు

చెరువులు, పాత విత్తనాలు, పక్షుల గూళ్ళు కాపాడుకుంటున్న ఊళ్ళ పనిని రికార్డు చేసి, వాళ్ళ పేర్లు పురస్కారాలకు పంపడంలో సాయం చేస్తుంటాను. ప్రపంచ పర్యావరణ దినోత్సవం, జూన్ 5 దగ్గర పడితే చాలు, "మీకు తెలిసిన మంచి పర్యావరణ ప్రేమికుడు ఒకాయన పేరు చెప్పండి, సన్మానం చేద్దాం" అని ఫోన్లు మొదలవుతాయి. ఈ రంగంలో నాకు ఎదురయ్యే అపోహల్లో సగం ఆ ఒక్క మాటలోనే ఉన్నాయి.

అపోహ: పర్యావరణ సేవంటే మొక్కలు నాటడమే.

వాస్తవం: నాటడం చిన్న పనేమీ కాదు. ఖమ్మం జిల్లా రెడ్డిపల్లి వాసి వనజీవి రామయ్య గారు బతుకంతా అదే ధ్యాసలో గడిపారు. 2017లో పద్మశ్రీ అందుకున్నారు, 2025 ఏప్రిల్‌లో కన్నుమూశారు. విత్తనాలు ఏరడంలో, నాటడంలో భార్య జానమ్మ గారు ఆయనకు తోడున్నారు.

అయితే నాటడం ఫొటోలో పడుతుంది, కాపాడడం పడదు. జహీరాబాద్ వైపు డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అనే స్వచ్ఛంద సంస్థతో కలిసి నడిచే ఊరి సంగాల (మహిళా సంఘాల) ఆడవాళ్ళు విత్తనం దాచే తీరు చూడండి. బాగా కాసిన కంకులు పొలంలోనే చూసి పెట్టుకుంటారు. ఎండబెట్టి, బూడిద కలిపి, వేపాకు వేసి బుట్టలో పోస్తారు. పైన మట్టి, పేడ మెత్తి మూత బిగిస్తారు. కొర్ర, సామ, తైదలు, పచ్చజొన్న ఇలా ఏళ్ళ తరబడి చేతులు మారుతూ బతికాయి. విత్తనం లేనివాళ్ళు సంగం దగ్గర తీసుకుంటారు, పంట చేతికొచ్చాక రెండింతలు తిరిగి పోస్తారు. వీళ్ళలో ఎక్కువమంది దళిత మహిళలు, చిన్న కమతాల వాళ్ళు. 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం ఇచ్చే ఈక్వేటర్ ప్రైజ్ ఈ పనికే వచ్చింది. మొక్కల లెక్క అడిగే ఫారంలో ఈ పని రాయడానికి గడే ఉండదు.

అపోహ: ఎవరో ఒక నాయకుడు ఉండాలి, లేకపోతే అవార్డు ఎవరికిస్తారు?

వాస్తవం: నన్ను ఎక్కువగా బాధపెట్టేది ఇదే. సంఘాలకు నేరుగా ఇచ్చే పురస్కారాలు ఉన్నాయి. ఈక్వేటర్ ప్రైజ్ ఇచ్చేదే సమూహాలకు. 2001 నాటి మొక్కల రకాల పరిరక్షణ, రైతు హక్కుల చట్టం కింద ఏర్పడిన ప్రాధికార సంస్థ, పాత రకాలను కాపాడిన రైతు సమూహాలకు 10 లక్షల రూపాయల పురస్కారం ఇస్తుంది. పద్మ పురస్కారాలు మాత్రం వ్యక్తులకే. ఈ తేడా తెలియక సంఘం మొత్తం చేసిన పనిని ఒకరి పేరు మీద రాసేస్తారు. ఆ ఒకరు తరచూ మైకు పట్టుకోవడం వచ్చినవాళ్ళే అయి ఉంటారు.

ఒక ఊళ్ళో చెరువు గురించి రాసుకుంటున్నాను. "ముఖ్యులు ఎవరు?" అని అడిగితే మాజీ సర్పంచి, యువజన సంఘం అధ్యక్షుడు, ఇంకో ఇద్దరి పేర్లు చెప్పారు. అప్పుడు ప్రశ్న మార్చాను. తూము ఎవరు తీస్తారు? వాన పడ్డ రాత్రి కట్ట మీదికి ఎవరు పోతారు? గుర్రపుడెక్క పీకింది ఎవరు? ముందు చెప్పిన పేర్లలో ఒక్కటి కూడా మళ్ళీ రాలేదు. చెరువు నీళ్ళు వదిలే నీరటి పేరు వచ్చింది, బట్టలుతికే రేవు దగ్గరి నలుగురు ఆడవాళ్ళ పేర్లు వచ్చాయి. ముఖ్యులెవరని కాదు, పనులెవరివని అడగాలి.

అపోహ: లాభం చూసుకునేవాళ్ళు పురస్కారానికి తగరు.

వాస్తవం: తిరుపతి జిల్లా నేలపట్టు చెరువులో నీళ్ళలో నిలిచిన చెట్ల మీద గూడబాతులు (పెలికాన్లు) గూళ్ళు పెడతాయి. 1976 నుంచి అది పక్షుల అభయారణ్యం. పక్షుల రెట్ట కలిసిన ఆ నీళ్ళు పొలాలకు పారితే పంట బాగుంటుందని చుట్టుపక్కల రైతులు చెబుతారు. శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురంలో గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు ఊరి చెట్ల మీద గూళ్ళు కడితే ఊరికి మేలని నమ్ముతారు, పురిటికి పుట్టింటికొచ్చిన ఆడపిల్లల్లా చూసుకుంటారు. ఒకచోట పంట, ఒకచోట నమ్మకం. పక్షులు రెండుచోట్లా నిలిచాయి. తనకేమీ అక్కర్లేని త్యాగి కోసం వెతికేవాళ్ళకు ఈ రెండు ఊళ్ళూ కనపడవు. పేదవాళ్ళకు మాత్రమే ఈ పరీక్ష పెట్టడం నాకు న్యాయమనిపించదు.

అపోహ: గుర్తింపు వస్తే చెరువు సర్కారుదైపోతుంది, గొర్రెలను కూడా దిగనివ్వరు.

వాస్తవం: భయం ఊరికే పుట్టలేదు. అభయారణ్యం చేస్తే ఆంక్షలు నిజంగానే వస్తాయి. కానీ 2002 జీవవైవిధ్య చట్టం కింద ప్రకటించే జీవవైవిధ్య వారసత్వ ప్రాంతం వేరు. స్థానిక సంస్థలను సంప్రదించి రాష్ట్ర ప్రభుత్వం ప్రకటించాలి. స్థానికులు తమంతట తాము పెట్టుకున్నవి తప్ప, వాళ్ళ వాడకం మీద కొత్త ఆంక్షలు ఉండకూడదని జాతీయ మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఏ గుర్తింపు కోసం సంతకం పెడుతున్నారో ఊరికి ముందే విడమరిచి చెప్పాలి.

అపోహ: గుర్తింపు వచ్చిందంటే ఇక భద్రమే.

వాస్తవం: సంగారెడ్డి జిల్లా అమీన్‌పూర్ చెరువు 2016లో జీవవైవిధ్య వారసత్వ ప్రాంతమైంది. హైదరాబాద్ అటువైపు పెరిగింది, కబ్జాల గొడవ ఆగలేదు, 2024లో కబ్జాలు తొలగించే ప్రభుత్వ సంస్థ హైడ్రా బుల్డోజర్లు రావాల్సి వచ్చింది. బోర్డు పెట్టాక హద్దురాళ్ళు ఎవరు చూస్తారు, ఫిర్యాదు ఎవరికి ఇస్తారు, కాపలాకు కూలి ఎక్కడి నుంచి వస్తుంది అన్నవి తేలకపోతే ఆ కాగితంతో చెరువుకు ఒరిగేది తక్కువ.

అపోహ: ఇంగ్లిష్ వచ్చినవాళ్ళకే ఇవి దక్కుతాయి.

వాస్తవం: దరఖాస్తు ఎక్కువగా ఇంగ్లిష్‌లోనే, ఆన్‌లైన్‌లోనే ఉంటుంది, అది నిజం. అయితే పని చేసినవాళ్ళే నింపాలని లేదు. పద్మ పురస్కారాలకు ఎవరైనా ఎవరి పేరైనా పంపొచ్చు, తమ పేరు తామే పంపుకోవచ్చు కూడా. చేసిన పనిని 800 పదాల లోపు రాస్తే సరిపోతుంది. ఊళ్ళో టీచరమ్మో డిగ్రీ చదివే పిల్లలో రాయగలరు. రాసింది పంపే ముందు తెలుగులో సంఘానికి చదివి వినిపించాలి. "మేం చెరువుకు పూడిక తీయలేదు సారూ, పక్కూరోళ్ళు తీసిన్రు" అని అక్కడే దిద్దుతారు. డబ్బు ఎవరి ఖాతాలో పడుతుందో, సంఘానికి సొంత ఖాతా ఉందో లేదో ఆ రోజే అడగండి. సభకు పిలిస్తే దారి ఖర్చులతో పాటు పోయిన కూలి కూడా నిర్వాహకులే కట్టివ్వాలి, ఆ మాట ఆహ్వానంలోనే రాయించండి.