పాల ప్యాకెట్ అంత లోపలెందుకు?

చిన్నూ, పండూ,

మొన్న ఫోన్లో చిన్నూ అడిగింది కదా, "పాల ప్యాకెట్ కోసమే వెళ్ళాం, అమ్మ సంచీలోకి ఇన్నెలా వచ్చాయి తాతయ్యా?" అని. అప్పుడు నవ్వేసి ఊరుకున్నా. ఇప్పుడు రాస్తున్నా.

గుళ్ళో దేవుడెక్కడుంటాడు? గాలిగోపురం, ధ్వజస్తంభం, మండపం అన్నీ దాటాక, బాగా లోపల. సూపర్ మార్కెట్లో పాలూ పెరుగూ ఆ దేవుడి లాంటివి. రోజూ అందరికీ కావాలి, అందుకే చాలాచోట్ల ఆ చివరి గోడకి పెడతారు (ఫ్రిజ్‌లు గోడవారన ఉంటే సరుకు నింపడం తేలిక, అదీ నిజమే). దర్శనానికి వెళ్ళేలోపు బిస్కెట్లూ సబ్బులూ దాటాలి. పైనుంచి సన్నగా వినిపించే పాట ఉంది చూశారా, అది మేళం. మేళం నెమ్మదిస్తే మన నడకా నెమ్మదిస్తుంది. అమెరికాలో రొనాల్డ్ మిల్లిమన్ అనే ఆయన ఒక సూపర్ మార్కెట్లో ఇది పరీక్షించి 1982లో రాశాడు: హుషారు పాటలు పెట్టిన రోజులకంటే నిదానం పాటలు పెట్టిన రోజుల్లో అమ్మకాలు 38 శాతం ఎక్కువట! ఇక బిల్లు కౌంటర్ హుండీ, పక్కన చాక్లెట్లు ప్రసాదం... ఆపేస్తా, మీ నానమ్మ చదివిందంటే నాకు కాఫీ రాదు.

మా చిన్నప్పుడు కొట్లోకి అడుగు పెట్టేదే లేదు. బల్లకి అవతల కొట్టాయన, ఇవతల నేను. అమ్మ రాసిచ్చిన చీటీ చదివితే కందిపప్పు, చింతపండు కాగితంలో పొట్లం కట్టి పురికొస చుట్టేవాడు. ఆ బల్ల తీసేసి, మీరే తీసుకోండని జనాన్ని లోపలికి వదిలింది క్లారెన్స్ సాండర్స్ అనే ఆయన, 1916లో, అమెరికాలోని మెంఫిస్‌లో, పిగ్లీ విగ్లీ అనే కొట్లో. చేతి బుట్ట బరువెక్కగానే జనం కొనడం ఆపేస్తున్నారని 1937లో అక్కడే ఓక్లహోమాలో సిల్వన్ గోల్డ్‌మన్ అనే కొట్టు యజమాని చక్రాల బండి తెచ్చాడు. మొదట దాన్ని పెద్దగా ఎవరూ ముట్టలేదు. డబ్బులిచ్చి మనుషుల్ని పెట్టి కొట్టంతా తోయించాడు, వాళ్ళని చూసి మిగతావాళ్ళూ పట్టుకున్నారు.

అలాగని మా కొట్టాయన అమాయకుడేం కాదు. నిమ్మతొనల సీసా, జీళ్ళ సీసా సరిగ్గా నా ముక్కుకి ఎదురుగా ఉండేవి. అమ్మ ముక్కుకి కాదు! చిల్లరలో ఐదు పైసలు తగ్గాయని నేను తిన్న దెబ్బల్లో ఆయనకీ వాటా ఉందని నాకు యాభై ఏళ్ళు దాటాక కానీ తట్టలేదు. మీరైనా చీటీ రాసుకుని వెళ్ళండి, చీటీలో లేనిది చేతిలోకి వస్తే ఒక్కసారి ఆగి, ఇది ఎక్కడ కనపడింది అని మిమ్మల్ని మీరే అడగండి.

ఈ ఆదివారం ఒక పని చెయ్యి చిన్నూ. బిస్కెట్ల దగ్గర పండు పక్కన మోకాళ్ళ మీద కూచో. వాడి కళ్ళ ఎత్తులో ఏమున్నాయి? నాన్న కళ్ళ ఎత్తులో ఏమున్నాయి? అన్నిటికన్నా కింద, ఎవరూ వంగని అరలో ఏమున్నాయి? ధరలతో సహా నాకు రాయండి.

మీ తాతయ్య