ఖాళీ డ్రమ్మే ఎక్కువ ప్రమాదం: చిన్న హ్యాంగర్లలో (విమానాల షెడ్లలో) ఇంధనం, అపోహలు - వాస్తవాలు

అపోహ: డ్రమ్ము ఖాళీ అయింది, ఇక భయం లేదు.

నిండు డ్రమ్ముకున్న మర్యాద ఖాళీదానికి ఉండదు. నిండుదాని పక్కన ఇసుక బకెట్లు, 'పొగ తాగరాదు' బోర్డు. ఖాళీది మూతల్లేకుండా ఎండలో పడి ఉంటుంది. ఆవులకు కుడితి తొట్టి చేయించుకుందామని ఎవరో ఒకరు దాన్ని రేణిగుంట దగ్గరి గాజులమండ్యం వైపు వెల్డింగ్ షాపుకు పట్టుకెళ్తారు. ప్రాణాలు పోయేది అక్కడే.

మండేది ఆవిరి. అదీ గాలిలో సుమారు 1.4 నుంచి 7.6 శాతం దాకా ఉన్నప్పుడే అంటుకుంటుంది. ఏవ్‌గ్యాస్ అంటే చిన్న విమానాల పెట్రోలు. దాని నిండు డ్రమ్ములో పైన మిగిలిన చోట ఆవిరి మరీ చిక్కగా ఉంటుంది, మండటానికి గాలి చాలదు. ఖాళీదాంట్లో ఆ పాళ్లు సరిగ్గా కుదురుతాయి. 200 లీటర్ల డ్రమ్ములో 1.4 శాతమంటే దాదాపు 3 లీటర్ల ఆవిరి. దానికి 15 మిల్లీలీటర్ల ఇంధనం చాలు, అడుగు అంచు మడతలోనే అంత దాక్కుని ఉండొచ్చు. నీళ్లతో కడిగామంటారు, ఆ మడతలో ఇంధనం నీళ్లకు రాదు. వాసన రావట్లేదంటారు, ముక్కు కాసేపటికి ఆ వాసనకు అలవాటుపడుతుంది.

ఖాళీ అయిన వెంటనే రెండు మూతలూ వాషర్లతో సహా బిగించండి. హ్యాంగర్ బయట నీడన పెట్టండి. 'కోయరాదు, వెల్డింగ్ చేయరాదు' అని పెయింట్‌తో రాసి, ఇంధనం ఇచ్చినవాళ్లకే తిప్పి పంపండి. కోయక తప్పదంటే, స్టీమ్ పట్టించి, గ్యాస్ డిటెక్టర్‌తో లోపలంతా చూశాకే. అయినా 100 ఎల్ఎల్ అనే ఏవ్‌గ్యాస్ రకంలో సీసం ఉంటుంది. అందులో పాడి ఆవుకు కుడితా?

అపోహ: ఏటీఎఫ్ (జెట్ ఇంజన్ల ఇంధనం) కిరోసిన్ లాంటిదే, అగ్గిపుల్ల వేసినా అంటుకోదు.

ఇంధనపు ఆవిరి నిప్పు తగిలితే అంటుకునేంతగా లేచే కనీస ఉష్ణోగ్రతే ఫ్లాష్ పాయింట్. జెట్ ఏ-1 అనే ఏటీఎఫ్ రకానికి దాని కనీస హద్దు 38 డిగ్రీలు. మే నెలలో రేణిగుంటలో నీడలోనే 40 దాటుతుంది, రేకుల షెడ్డులో ఇంకా ఎక్కువ. అగ్గిపుల్ల మాట జనవరి తెల్లవారుజాముకు సరిపోతుందేమో.

అపోహ: కొంచెమే కదా, ప్లాస్టిక్ క్యాన్ చాలు.

ఏవ్‌గ్యాస్ లాంటి, ఫ్లాష్ పాయింట్ 23 డిగ్రీల లోపున్నవి, అమ్మకానికి కాకపోతే, 1934 పెట్రోలియం చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా 30 లీటర్ల దాకా ఉంచుకోవచ్చు. కానీ లోహపు డబ్బా 25 లీటర్లు, గాజుదైతే లీటరు మించకూడదు. ప్లాస్టిక్ ఆ జాబితాలోనే లేదు. ప్లాస్టిక్‌లో పోస్తుంటే పుట్టే స్టాటిక్ (రాపిడి కరెంటు) భూమిలోకి దిగిపోదు. లోహపు డబ్బానైనా నేలమీద పెట్టి, మూత తీయకముందే బాండింగ్ వైరు (డ్రమ్మునూ డబ్బానూ కలిపే తీగ) తగిలించండి. క్లిప్పు పెయింట్ మీద కాదు, గీకిన లోహం మీద పడాలి. పోయడం అయ్యి, మూత బిగించాకే వైరు తీయాలి.

షెడ్డు తెరవగానే వాసన కొట్టిందని కంగారుపడేవాళ్లది అతి భయమేం కాదు. స్విచ్‌లు, ఫ్యాన్లు ముట్టుకోకుండా తలుపులు బార్లా తీసి బయటికి రండి. ఆవిరి గాలికంటే బరువు, గుంతల్లోనూ కాలువల్లోనూ పేరుకుంటుంది. అందుకే వెంటిలేటర్ పైనొక్కటే ఉంటే చాలదు, నేల దగ్గరా కావాలి.

మిగతావి: థిన్నర్, అసిటోన్ కూడా ఇంధనం లెక్కే. నూనె గుడ్డలు మూతున్న ఇనప డబ్బాలో వేయండి. ఇంధనం మంటమీద నీళ్లు కుమ్మరించకండి, ఫోమ్ (నురగ) గానీ డీసీపీ (మంటలార్పే పొడి) గానీ వాడండి. ఆ మంటలార్పే సిలిండర్ తలుపు దగ్గరుండాలి. డ్రమ్ముల పక్కన పెడితే మంట దాటి వెళ్లి తెచ్చుకోవాలి.