లక్ష మంది వచ్చే శనివారం: స్టేట్ కాలేజ్ ట్రాఫిక్ వెనక నూట డెబ్బై ఏళ్ళ కథ

శనివారం పొద్దున పదిన్నర. రూమ్మేట్‌కి రాత్రి నుంచి కడుపులో ఒకటే పోట్లు. మేముండే అపార్ట్‌మెంట్ నుంచి ఆసుపత్రికి మామూలుగా పది నిమిషాల దారి. ఆ రోజు పార్క్ అవెన్యూ ఎక్కాక నలభై నిమిషాలైనా కారు ముందుకు పోలేదు. ఆసుపత్రి బోర్డు కనబడుతూనే ఉంది, ఆ పక్కనే స్టేడియం. చివరికి నారింజ రంగు కోన్ల దగ్గర నిలబడ్డ పోలీసాయన కారు అద్దంలోంచి వాడి మొహం చూసి, ఏమీ అడక్కుండా రెండు కోన్లు పక్కకి జరిపి దారిచ్చాడు. అపెండిక్స్ అని తేలింది. సాయంత్రానికల్లా ఆపరేషన్ అయింది, వాడు కోలుకున్నాడు. కానీ ఆ నలభై నిమిషాల టెన్షన్ నన్ను వదల్లేదు. ఇంత చిన్న ఊళ్ళోకి అంత పెద్ద స్టేడియం ఎలా వచ్చిందన్న ప్రశ్న ఆ రోజే మొదలైంది.

ఊరి పేరే స్టేట్ కాలేజ్. అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్రం నడిమధ్యన, కొండల నడుమ ఉంటుంది. 2020 జనాభా లెక్కల ప్రకారం ఊరి జనం 40,501. అక్కడి పెన్ స్టేట్ యూనివర్సిటీ వాళ్ళ బీవర్ స్టేడియంలో 2024 నాటికి సీట్లు 1,06,572. 2024 నవంబరు 2న ఒహాయో స్టేట్ యూనివర్సిటీతో ఆడిన అమెరికన్ ఫుట్‌బాల్ మ్యాచ్‌కి 1,11,030 మంది వచ్చారు, అప్పటిదాకా అంత జనం ఆ స్టేడియానికి ఎప్పుడూ రాలేదు. ఆ రాష్ట్రంలో ఫిలడెల్ఫియా, పిట్స్‌బర్గ్, అలెన్‌టౌన్ తప్ప మరే ఊళ్ళోనూ అంత జనాభా లేదు. జాతర రోజున పల్లె పట్నమైపోవడం మనకి తెలిసిందే. ఇక్కడి జాతర ఏటా ఆరేడు సార్లు వస్తుంది, వచ్చేవాళ్ళలో ఎక్కువమంది కార్లలో వస్తారు.

కథ 1855లో మొదలవుతుంది. రైతుబిడ్డలకి శాస్త్రీయంగా వ్యవసాయం నేర్పాలని ఫార్మర్స్ హైస్కూల్ పెట్టాలనుకున్నారు. దగ్గర్లోని బెల్‌ఫాంట్ ప్రాంతంలో ఇనుము వ్యాపారం చేసే జేమ్స్ ఇర్విన్ 200 ఎకరాలు దానమిచ్చాడు. చుట్టూ పొలాలు, రాష్ట్రానికి సరిగ్గా మధ్య. పాఠశాలకి అంతకంటే ఏం కావాలి? దారి సంగతి అప్పట్లో పెద్ద విషయంగా అనిపించి ఉండదు. ఆ బడే పెరిగి పెన్ స్టేట్ అయింది. 1908 నుంచి 1920 దాకా ఆ కాలేజీ ప్రెసిడెంటుగా ఉన్న ఎడ్విన్ స్పార్క్స్ అన్నట్టుగా ఒక మాట చెప్పుకుంటారు: రాష్ట్రంలో ఏ మూల నుంచి బయల్దేరినా ఈ కాలేజీకి చేరడం ఒకేలా కష్టమని. ఇప్పటికీ ఫిలడెల్ఫియా నుంచి సుమారు 190 మైళ్ళు, పిట్స్‌బర్గ్ నుంచి 140 మైళ్ళ దాకా కొండదారుల్లో రావాలి. 1892లో బెల్‌ఫాంట్ నుంచి చిన్న రైలు మార్గం వచ్చింది గానీ, ఈ స్టేడియం కట్టేనాటికి దాని మీద ప్రయాణికుల బళ్ళు లేవు. ఇప్పుడు ఆ ఊరికి రైలే లేదు.

అసలు మలుపు 1960. అప్పటిదాకా ఆట మైదానం క్యాంపస్‌కి పడమటి వైపు, విద్యార్థులు నడిచి వెళ్ళే దూరంలో ఉండేది. క్యాంపస్ పెరుగుతుంటే ఆ స్థలం తరగతి గదులకి కావలసి వచ్చింది. స్టేడియం మొత్తాన్ని దాదాపు 700 ముక్కలుగా విప్పి, మైలుకి పైగా తూర్పుకి, యూనివర్సిటీ పచ్చిక బయళ్ళలోకి తరలించి మళ్ళీ బిగించారు. పాత సీట్లకి కొత్తవి కలిపితే 46,284 అయ్యాయి. స్టీలు గ్యాలరీని ఊరి ఈ చివర నుంచి ఆ చివరకి మోసుకెళ్ళారంటే ఆశ్చర్యంగా ఉంటుంది, కానీ నాకు అంతకన్నా ముఖ్యంగా తోచేది వాళ్ళు ఎంచుకున్న చోటు. అక్కడ చుట్టూ బోలెడంత ఖాళీ గడ్డి నేల. కారు పెట్టుకోడానికి చోటు వెతుక్కోనక్కర్లేదు. కాబట్టి అందరూ కారేసుకుని రావచ్చు. కార్లు పెట్టుకునే చోటు దొరికింది గానీ, అన్ని కార్లు వచ్చి వెళ్ళే రోడ్లు మాత్రం అప్పటికి లేవు.

ఆ తర్వాత స్టేడియం ఆగలేదు. 1978లో గ్యాలరీలని ముక్కలుగా కోసి, హైడ్రాలిక్ జాకీలతో పైకెత్తి, కింద ఉన్న పరుగు పందాల ట్రాక్ చోటులో కొత్త సీట్లు దూర్చారు. ఆ దెబ్బతో 76,639. 1991లో 93,967. 2001లో లక్ష దాటేసింది. రోడ్లు మాత్రం నింపాదిగా వచ్చాయి. పడమటి నుంచి ఊరికి చేరే ఐ-99 హైవే పనిలో, కొండ తవ్వుతుంటే పైరైట్ రాయి బయటపడింది. వాన నీళ్ళు దాని మీదుగా పారితే ఆమ్లమై వాగుల్లో కలుస్తుంది. ఆ గొడవతో ఏళ్ళ తరబడి పని ఆగి, చివరికి 2008లో ఆ దారి తెరిచారు. తూర్పున హారిస్‌బర్గ్ వైపు నుంచి వచ్చే 322 రోడ్డుని ముక్కలు ముక్కలుగా వెడల్పు చేస్తూ వచ్చారు. ఆ దారిలోని పాటర్స్ మిల్స్ అనే చోటు నుంచి ఊరి దాకా మిగిలిన భాగం ఎటు వెయ్యాలన్న చర్చ ఏళ్ళుగా నడుస్తోంది. ఆ దారిలో పడే పొలాల వాళ్ళకి అదీ చిన్న విషయం కాదు.

ఒక ఉజ్జాయింపు లెక్క వేద్దాం. నడిచొచ్చే విద్యార్థులు ఇరవై వేలు తీసేసినా ఎనభై వేల పైన మిగులుతారు. కారుకి ముగ్గురు చొప్పున ఇరవై ఏడు, ఇరవై ఎనిమిది వేల కార్లు. సిగ్నళ్ళున్న రోడ్డులో ఒక లేన్ మీద గంటకి వెయ్యి కార్లు పోతే గొప్ప. బయటికి పోయే లేన్లు ఆరున్నాయనుకున్నా అందరూ కదలడానికి నాలుగున్నర గంటలు పడుతుంది. ఏ ప్లానూ ఈ లెక్కని మార్చలేదు. చేయగలిగిందల్లా అందరూ ఒకేసారి రోడ్డెక్కకుండా చూడటమే.

అది చాలావరకు టెయిల్‌గేటింగే చేసిపెడుతోంది. కారు డిక్కీ తలుపు ఎత్తి, పక్కన గ్రిల్లు, మడత కుర్చీలు వేసుకుని, మాంసం కాల్చుకుంటూ గంటల తరబడి కూర్చునే పద్ధతి అది. లోపలే పడుకునే వీలున్న పెద్ద ఆర్‌వీ బళ్ళ వాళ్ళు శుక్రవారానికే దిగిపోతారు. బయటి నుంచి చూస్తే వేడుక, ట్రాఫిక్ చూసేవాళ్ళకి అదొక ఆనకట్ట. మధ్యాహ్నం మ్యాచ్ అయిపోయాక మళ్ళీ గ్రిల్లు వెలిగించే ప్రతి కుటుంబమూ రెండు గంటల పాటు రోడ్డు మీదికి రాని కారే. అయితే ఆ గడ్డి నేలకి వానంటే భయం. 2018లో ఎడతెగని వానలకి పచ్చిక బురదై కార్లు దిగబడే పరిస్థితి వస్తే, జనాన్ని ఊరి బయటి స్థలాల్లో ఆపి షటిల్ బస్సుల్లో తెచ్చారు.

2019లో పద్ధతి మారింది. ఎవరు ఎక్కడ కారు పెట్టాలో ముందే కేటాయించి, ఏ వైపు నుంచి రావాలో చెప్పి, మ్యాచ్‌కి ముందు లోపలికీ తర్వాత బయటికీ కొన్ని రోడ్లని వన్‌వే చేశారు. అభిమానులకి మొదట్లో చిరాకేసింది, అలవాటైన దారి పోతే ఎవరికైనా అంతే. నా మటుకు అది రావలసిన మార్పే. ఆసుపత్రికి పోయేవాళ్ళకి, డ్యూటీకి పోయే నర్సులకి దారి ఉండాలంటే మిగతావాళ్ళ దారి ముందే గీసి ఉండాలి. ప్రతిసారీ ఒక మంచి పోలీసాయన కోన్లు జరుపుతాడని కూర్చోలేం కదా.

ఈ ప్లానుకి లొంగనిది ఒకటే, మ్యాచ్ మొదలయ్యే టైం. ఏ మ్యాచ్‌లు టీవీలో రావాలో, ఎన్ని రావాలో ఒకప్పుడు కాలేజీ ఆటల్ని నడిపే జాతీయ సంఘం ఎన్‌సీఏఏ నిర్ణయించేది. 1984 జూన్‌లో అమెరికా సుప్రీంకోర్టు 7-2 తీర్పుతో ఆ పట్టు తీసేసింది. అప్పట్నుంచి డబ్బిచ్చే చానెళ్ళదే మాట. అదే ఏడాది బీవర్ స్టేడియంలో శాశ్వత లైట్లు వెలిశాయి. పగలు మ్యాచయితే పొద్దున్నే అందరూ ఒకేసారి ఊరి మీద పడతారు. రాత్రి ఏడున్నరకైతే రోజంతా మెల్లగా వస్తారు గానీ, అర్ధరాత్రి వేళ ఆగి గ్రిల్లు వెలిగించే ఓపిక ఎవరికుంటుంది? అందరూ ఒకేసారి చీకటి కొండదారి పడతారు, డ్రైవరు కళ్ళలో నిద్రతో.

ఏటా మన తెలుగు పిల్లలు ఎంఎస్‌కో పీహెచ్‌డీకో ఆ ఊరు చేరుతూనే ఉన్నారు. వాళ్ళకి నేను చెప్పేది ఒకటే: ఆగస్టులో దిగగానే ఆ సీజన్ హోమ్ మ్యాచ్‌ల (అంటే ఆ ఊళ్ళోనే ఆడేవాటి) తేదీలు ఫ్రిజ్ మీద అంటించుకోండి. అమ్మానాన్నలకి ఆ శనివారాల్లో హారిస్‌బర్గ్ ఫ్లైటు బుక్ చేయకండి. తేదీ నెలల ముందే తెలుస్తుంది. టైం మాత్రం కొన్ని మ్యాచ్‌లకే వేసవిలో చెప్తారు. మిగతావాటికి మామూలుగా 12 రోజుల ముందు, ఒక్కోసారి 6 రోజుల ముందు.