ఆమ్నీషియా: పదం ఒకటి, జ్ఞాపకాలు ఎన్నో

తాళంచెవి ఎక్కడ పెట్టామో గుర్తురాకపోతే దాన్ని ఆమ్నీషియా అనకూడదు. మెదడుకు దెబ్బ తగలడం వల్లో, జబ్బు చేయడం వల్లో జ్ఞాపకశక్తి బాగా దెబ్బతింటే వైద్యులు వాడే మాట అది.

పదం గ్రీకుది. దాని మొదట ఉన్న 'అ' మనకు పరాయిది కాదు. అన్యాయం, అశాంతి వంటి మాటల్లో లేమిని తెలిపే 'అ'కారమే అది. గ్రీకు, సంస్కృతం ఒకే పూర్వభాష నుంచి చీలినవి. మిగిలిన భాగానికి జ్ఞాపకమని అర్థం. దాని మూలధాతువు 'తలచు' అనే అర్థమిస్తుంది. మనస్సు, మతి, ఇంగ్లీషు మైండ్ కూడా ఆ ధాతువు నుంచి పుట్టినవే. అంటే మన మతిమరుపులోని మతికీ, ఆమ్నీషియాకూ చుట్టరికం ఉంది! వేల ఏళ్ల నాటి ఈ బంధం ఇంకా వినిపిస్తూ ఉండటం నాకు అపురూపంగా తోస్తుంది.

గ్రీకు పురాణాల్లో జ్ఞాపకానికి దేవత నెమోసిని. కళలకు అధిదేవతలైన తొమ్మిదిమంది మ్యూజ్‌లు ఆమె కూతుళ్లే. కావ్యాలు కంఠస్థంగానే బతికిన కాలంలో అలా ఊహించడం ఎంతో సబబు. క్షమాభిక్ష అనే అర్థమున్న ఆమ్నెస్టీ కూడా ఈ కుటుంబంలోదే. క్రీ.పూ. 403లో ముప్పైమంది నిరంకుశుల పాలన కూలిపోయాక, గతంలో జరిగిన కీడును గుర్తుచేసుకోబోమని ఏథెన్స్ పౌరులు ప్రమాణం చేశారు.

ఈ పదంతో నాకు ఒక పేచీ ఉంది. జ్ఞాపకమంటే ఒకే వస్తువన్నట్టు, అది 'లేదు' అని తేల్చేస్తుంది. వైద్యులు కనీసం రెండు రకాలు చూస్తారు: దెబ్బకు ముందటి సంగతులు చెరిగిపోవడం, ఆ తర్వాతివి నిలవకపోవడం.

రెండో రకానికి ప్రసిద్ధమైన ఉదాహరణ అమెరికాకు చెందిన హెన్రీ మొలైసన్. 1953లో మూర్ఛవ్యాధి తగ్గించడానికి వైద్యులు ఆయన మెదడులో రెండు వైపులా, కొత్త జ్ఞాపకాలు నిలవడానికి తోడ్పడే భాగమైన హిప్పోక్యాంపస్‌లో చాలా భాగం తొలగించారు. చిన్ననాటి సంగతులు చెప్పగలిగిన ఆయనకు, కాసేపటి క్రితం మాట్లాడిన మనిషి గుర్తుండేవాడు కాదు. మనస్తత్వ శాస్త్రవేత్త బ్రెండా మిల్నర్ ఆయనతో, అద్దంలో చూస్తూ నక్షత్రం బొమ్మ గీతల వెంట పెన్సిల్ నడిపే అభ్యాసం చేయించారు. ప్రతిరోజూ ఆయనకు అది కొత్త పనే. అయినా తప్పులు తగ్గుతూ వచ్చాయి. అంటే చేతి నేర్పు హిప్పోక్యాంపస్ మీద ఆధారపడటం లేదు. మెదడు వెనుక అడుగుభాగంలో ఉండే అనుమస్తిష్కం, మెదడు లోతుల్లోని బేసల్ గాంగ్లియా అలాంటి నేర్పుకు ఆధారమని తర్వాతి పరిశోధనలు చూపాయి.