ఉచిత బోధన సామగ్రిని పంచుకోవడం: ప్రాథమిక ఉపాధ్యాయుల్లో అపోహలు – వాస్తవాలు

హైదరాబాద్‌లోని ఒక ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలో ఒకటి, రెండు తరగతులకు చెబుతాను. స్కూల్ కాంప్లెక్స్ (చుట్టుపక్కల బడుల సమూహం) సమావేశానికి వెళ్ళిన ప్రతిసారీ ఎవరో ఒక టీచరు కష్టపడి చేసిన టీఎల్‌ఎం (బోధన అభ్యసన సామగ్రి) తెస్తారు. అందరం ఫోటో తీసుకుంటాం. మళ్ళీ కలిసినప్పుడు "మీ తరగతిలో చేయించారా?" అని అడిగితే ఒకరిద్దరు తప్ప ఎవరూ చెయ్యెత్తరు. దీన్ని బద్ధకం అనడం అన్యాయం. ఆ వస్తువును ఎలా చేశారో ఫోటో చెప్పదు. చేతికి అందిన ఫైలు మన తరగతికి తగ్గట్టు మార్చుకోవడానికి లొంగదు. ఈ విషయంలో తరచూ వినే మాటలు, కొంతకాలం నేనూ నమ్మినవి, కింద రాస్తున్నాను.

అపోహ: గ్రూపులో ఫార్వర్డ్ చేస్తే పంచుకున్నట్లే.

వాట్సాప్‌లో ఫోటోగా పంపిన పని పత్రం చిన్నదైపోయి చేరుతుంది. దాన్ని ప్రింటు తీసి, ఆ ప్రింటును మళ్ళీ జిరాక్స్ తీస్తే ముందుగా చెడిపోయేవి వత్తులే. తెలుగుకు ఇది చిన్న నష్టం కాదు. "గడి", "గడ్డి" ఒకేలా కనిపించే కాగితాన్ని ఏడేళ్ళ పిల్ల ముందు పెట్టి చదవమనడం తప్పు. అదే ఫైలును డాక్యుమెంటుగా పంపితే స్పష్టత పోదు.

రెండో చిక్కు ఫాంటు. మనలో చాలామంది ఇప్పటికీ ప్రశ్నపత్రాలను డీటీపీ కేంద్రంలో అనూ ఫాంట్లలో టైపు చేయిస్తాం. ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో ఫైలు తెరిస్తే తెలుగుకు బదులు రోమన్ అక్షరాలు, గుర్తుల గందరగోళం కనిపిస్తుంది. అన్ని కంప్యూటర్లూ ఫోన్లూ గుర్తించే యూనికోడ్ పద్ధతిలో టైపు చేస్తే ఈ బాధ ఉండదు. మండలి, రామభద్ర, మల్లన్న, సూరన్న వంటి యూనికోడ్ ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతాయి. ఫోనులో నోటితో చెబితే తెలుగులో టైపు అయ్యే సదుపాయమూ ఉంది. పీడీఎఫ్‌తో పాటు మార్చుకోగల మూల ఫైలూ పంపండి. మీ లెక్కలో ఉన్న "జామకాయలు" తీసి పక్క బడి టీచరు "బస్సు టిక్కెట్లు" అని పెట్టుకోగలగాలి.

వీటన్నిటికంటే విలువైనది ఫైలుతో వెళ్ళే నాలుగైదు వాక్యాల వివరణ. ఏ తరగతి, ఏ అభ్యసన ఫలితం (పిల్లలకు ఏం రావాలని చేశాం), ఎంత సమయం పట్టింది, ఏమేం వస్తువులు కావాలి, పిల్లలు ఎక్కడ తడబడ్డారు. చివరిది రాయడానికి మనం జంకుతాం. నాకు మాత్రం ఇతరుల సామగ్రిలో ఎక్కువగా పనికొచ్చింది అదే.

అపోహ: మంచి వనరులన్నీ ఇంగ్లీషులోనే ఉన్నాయి, తెలుగులోకి మార్చుకుంటే చాలు.

2022–23 నుంచి మన పాఠ్యపుస్తకాలు ఒక పేజీ ఇంగ్లీషు, ఎదురు పేజీ తెలుగుగా వస్తున్నాయి. దానితో ఈ నమ్మకం ఇంకా బలపడింది. గణితంలో, పరిసరాల విజ్ఞానంలో కొంతవరకు కుదురుతుంది. చదవడం నేర్పే చోట మాత్రం కుదరదు. ఇది నాకు అనుభవం మీద తెలిసింది.

ఇంగ్లీషు పదాలు కూర్చే అక్షర పలకల ఆట ఒకటి చూసి, తెలుగుకు చేద్దామని అట్టలు కత్తిరించడం మొదలుపెట్టాను. ఒక్కో గుణింతాక్షరానికి ఒక్కో పలక చేస్తే వందలు కావాలి. అందుకని హల్లులను తలకట్టు లేకుండా మందపాటి అట్ట మీద రాసి, తలకట్టు, గుడి, ఎత్వం, కొమ్ము వంటివి పారదర్శక ప్లాస్టిక్ ముక్కల మీద గీశాను. "కి" కావాలంటే తలకట్టు తీసి ఆ చోట గుడి పెట్టాలి. "కు" కావాలంటే తలకట్టు ఉండగానే పక్కన కొమ్ము చేర్చాలి. గుణింతం వల్లె వేయడం మానేసి పిల్లలు దాన్ని చేతులతో కట్టడం మొదలుపెట్టారు. ఆ రోజు నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు.

ఫైలూ వివరణా పంపాను. పది రోజుల్లో పక్క మండలం సారు ఒకరు ఫోను చేశారు. "మేడమ్, పిల్లలు బ మీద, ల మీద కూడా తలకట్టు పెడుతున్నారు" అన్నారు. నిజమే. ఖ, జ, ట, ణ, బ, ల వంటి అక్షరాలకు అసలు తలకట్టే ఉండదు. నేను వాటిని వేరు చేయలేదు. ఆయన ఆ పలకలకు నీలం అంచు వేశారు. మరో టీచరు మ, య లను వేరే పెట్టెలో పెట్టారు. ఎందుకంటే "మా", "యా" లలో దీర్ఘం పైన కూర్చోకుండా కుడివైపు చేరుతుంది, "మొ", "యొ" ల రూపాలు కూడా వేరు. ఇప్పుడు మా తరగతిలో వాడుతున్నది వాళ్ళిద్దరూ సరిదిద్దిన పెట్టెనే. ఇంట్లో ఉర్దూ, హిందీ, లంబాడీ మాట్లాడే పిల్లలు తెలుగు పిల్లలతో సమానంగా దానితో ఆడుతున్నారు. అనువాదం చేసిన ఆట ఏదీ నాకు ఇంత ఉపయోగపడలేదు.

అపోహ: నెట్‌లో ఉచితంగా దొరికింది ఎలాగైనా వాడుకోవచ్చు. లేదా, ఏదీ ముట్టుకోకూడదు.

రెండూ పొరపాటే. 1957 నాటి కాపీరైట్ చట్టం 52వ సెక్షన్, బోధనలో భాగంగా ఉపాధ్యాయులు, విద్యార్థులు రచనలను నకలు తీసుకోవడానికి మినహాయింపు ఇస్తుంది. ఢిల్లీ విశ్వవిద్యాలయం ప్రాంగణంలోని ఫోటోకాపీ దుకాణం కేసులో 2016లో ఢిల్లీ హైకోర్టు ఈ మినహాయింపును విశాలంగానే అర్థం చేసుకుంది. అయితే మీ తరగతికి ఒక కథ నకలు తీయడం వేరు, ఎవరి పుస్తకాన్నో పూర్తిగా స్కాన్ చేసి అన్ని గ్రూపుల్లో పెట్టడం వేరు. రిజిస్టరు చేయకపోయినా రచన మీద హక్కు రచయితకే ఉంటుంది.

దారి ఉంది. క్రియేటివ్ కామన్స్ లైసెన్సు (కొన్ని షరతులతో అందరూ వాడుకోవచ్చని రచయితే ముందుగా ఇచ్చే అనుమతి) ఉన్నవాటిని ముందు వెతకండి. పిల్లల పుస్తకాల ప్రచురణ సంస్థ ప్రథమ్ బుక్స్ 2015లో మొదలుపెట్టిన స్టోరీవీవర్ అనే ఉచిత కథల వెబ్‌సైటులో తెలుగు కథలు చాలా ఉన్నాయి. రచయిత, చిత్రకారుల పేర్లు, లైసెన్సు, మనం చేసిన మార్పులు చెబితే చాలు, ముద్రించుకోవచ్చు, అనువదించవచ్చు, వాక్యాలు చిన్నవి చేసుకోవచ్చు. నేను ఒక కథను రెండో తరగతి కోసం సగానికి తగ్గించి, పేర్లన్నీ చివరి పేజీలో ఉంచి, మా కాంప్లెక్స్‌లో అందరికీ ఇచ్చాను. లైసెన్సులో "ఎన్‌డీ" (నో డెరివేటివ్స్) అని ఉంటే మాత్రం మార్పులు చేసి పంచకూడదు.

అపోహ: ఇస్తే నా కష్టం వేరొకరి పేరు మీద చెలామణి అవుతుంది.

ఈ భయాన్ని నేను తేలిగ్గా తీసుకోను. రాత్రిళ్ళు కూర్చుని చేసిన చార్టు మరొకరి పేరుతో తిరిగి మన గ్రూపుకే వస్తే మనసు నొచ్చుకుంటుంది. నాకు అలా జరిగింది. అప్పటి నుంచి ప్రతి పేజీ అడుగున నా పేరు, సంవత్సరం, లైసెన్సు చిన్న అక్షరాల్లో రాస్తున్నాను. మార్పులు చేసినవారి పేర్లు కూడా అక్కడే చేరుస్తున్నాను. పలకల ఆట ఫైలులో ఇప్పుడు మా ముగ్గురి పేర్లూ ఉన్నాయి.

అపోహ: స్మార్ట్ బోర్డు, మంచి నెట్ లేని బడిలో టెక్నాలజీ సాధ్యం కాదు.

పాఠ్యపుస్తకంలోని క్యూఆర్ కోడ్‌లు 2017లో వచ్చిన దీక్ష అనే ప్రభుత్వ డిజిటల్ పాఠాల వేదికకు దారి తీస్తాయి. ఇంట్లో వైఫై ఉన్నప్పుడు యాప్‌లో పాఠం దించుకుంటే బడిలో నెట్ లేకుండా చూపించవచ్చు. నెట్ లేకుండా చదవడానికి వీలిచ్చే కివిక్స్ అనే ఉచిత యాప్‌తో వికీపీడియాను కూడా అలాగే దించుకోవచ్చు. ప్రొజెక్టరు లేకపోతే చిన్న బ్లూటూత్ స్పీకరు చాలు. కథను మన గొంతుతోనే రికార్డు చేసి వినిపిస్తే, ఒక జట్టు వింటూ పుస్తకంలో వేలు పెట్టి అనుసరిస్తుంది. మనం మరో జట్టుతో చదివించవచ్చు. రెండు తరగతులు ఒకే గదిలో ఉన్నచోట ఇది ఎంత ఊరటో ఆ పని చేసినవారికే తెలుస్తుంది.

నా దృష్టిలో అన్నిటికంటే మేలైనది ఇంకా సులువైనది. జూన్‌లో ఒక్కో పిల్లవాడు నిమిషం పాటు చదివింది ఫోనులో రికార్డు చేస్తాను. డిసెంబరులో అదే పేజీ మళ్ళీ చదివిస్తాను. రెండూ తల్లికి వినిపిస్తాను. ఏ ప్రగతి పత్రమూ చెప్పలేనిది ఆమె అక్కడే వింటుంది.

అపోహ: క్యూఆర్ కోడ్‌కు గడువు ఉంటుంది.

మామూలు కోడ్‌లో వెబ్ చిరునామా నేరుగా ఉంటుంది, దానికి గడువు లేదు. కొన్ని ఉచిత సేవలు ఇచ్చే డైనమిక్ కోడ్ వాళ్ళ సర్వరు మీదుగా వెళ్తుంది, ప్రయోగ కాలం తీరగానే ఆగిపోవచ్చు. గోడ మీద అంటించే చార్టుకు మామూలుదే ఎంచుకోండి.

అపోహ: రంగులుంటేనే పిల్లలకు ఆసక్తి.

ఎర్ర పండ్లు, పచ్చ పండ్లు లెక్కపెట్టమన్న పని పత్రం జిరాక్స్‌లో మొత్తం బూడిద రంగే. నలుపు తెలుపులో పనిచేసేలా గీసి, రంగులు పిల్లలతోనే వేయిద్దాం.

అపోహ: పాఠం వీడియోలో పిల్లల ముఖాలు ఉంటేనే నమ్మకం కలుగుతుంది.

2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 18 ఏళ్ళలోపు వారిని పిల్లలుగానే చూస్తుంది, వారి వివరాలకు తల్లిదండ్రుల సమ్మతి అడుగుతుంది. చట్టం రాకముందే ఒక తల్లి నన్ను అడిగింది: "మా పాప వీడియో ఎవరెవరి ఫోన్లలో ఉంది టీచర్?" నా దగ్గర జవాబు లేదు. గ్రూపు నుంచి గ్రూపుకు వెళ్ళినదాన్ని వెనక్కి తెచ్చే మార్గమూ లేదు. ఇప్పుడు నా వీడియోల్లో చేతులు, పలకలు, బల్ల మాత్రమే కనిపిస్తాయి. వివరణ నా గొంతుతో చేరుస్తాను. చూసే టీచరుకు కావలసింది, ఆ చిన్న చేయి తలకట్టును ముందు తీసిందా, గుడిని ముందు పెట్టిందా అన్నదే.